ఘాట్ రోడ్డు, క్రూజ్ కంట్రోల్, మధ్యలో మామగారు

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సారాంశం ఇది.

ఆమె భర్త ఈమధ్య కొత్త కారు కొన్నారు. డీజిల్, ఆటోమేటిక్, అడాస్ (డ్రైవరుకు సాయపడే సెన్సర్ల ఏర్పాటు) ఉన్న మోడల్. రాజమండ్రి దాకా హైవే మీద అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ (ఏసీసీ, పెట్టిన వేగాన్ని కారే చూసుకునే ఏర్పాటు) పెట్టుకుని వెళ్లొచ్చాక ఆయనకు దాని మీద బాగా గురి కుదిరింది. "ముందు బండి నెమ్మదిస్తే అదే నెమ్మదిస్తుంది, కదిలితే అదే కదులుతుంది, నా కాళ్లకు పనే లేదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతున్నారట. మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. పాడేరు, అరకు రూట్లలో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి.

సంక్రాంతి సెలవుల్లో అందరూ అరకు వెళ్లారు. వచ్చేటప్పుడు అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు దిగుతూ, భర్త క్రూజ్ కంట్రోల్ 40 దగ్గర పెట్టారు. కాసేపటికి మీటరు 46 చూపించింది. తర్వాత ఒక లోడు లారీ అడ్డం వస్తే కారు బుద్ధిగా దాని వెనకే పాతికలో నడిచింది. లారీ మలుపు తిరిగి కనబడకుండా పోగానే ఒక్కసారిగా ముందుకు దూకింది. వెనక సీట్లోంచి మామగారు "సెకండ్ గేరెయ్యరా!" అని అరిచారు. "ఇందులో గేర్లు లేవు నాన్నా, ఇది మీ బస్సు కాదు" అన్నారు ఈయన. బ్రేకు తొక్కి, కాసేపాగి రిజ్యూమ్ బటన్ నొక్కితే మళ్లీ అదే దూకుడు. కొండ దిగి టీ కోసం ఆపితే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. మామగారు వంగి, చక్రానికి తగలకుండా అరచెయ్యి పెట్టి చూసి, ఒక్క మాట అనకుండా వెళ్లి వేరే బల్ల మీద కూర్చున్నారట.

ఆ రోజు నుంచి ఆయన ఆ కారెక్కడం లేదు. డెన్వర్‌లో ఉన్న మరిది "మేం రాకీ కొండలు ఇలాగే దిగుతాం, నాన్నవి పాతకాలం భయాలు" అని ఫోన్లో అనేసరికి గొడవ ఇంకా ముదిరింది. వచ్చే నెల బాబు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్లాలి. మామగారు "నేను రైల్లో వస్తాను" అంటున్నారు. ఈయనేమో "ఏసీసీ పెట్టి కొండ దిగి చూపిస్తాను" అంటున్నారు. "తప్పు కారుదా, మావారిదా, మామగారి చాదస్తమా? ఇద్దరి మధ్య నేనేం చెయ్యను?" అని అడిగారు. చివర్లో ఇంకో మాట: వాళ్ల చెల్లెలు ఎలక్ట్రిక్ కారు కొంటోంది, దానికీ ఇదే బెడదా అని.

సమాధానం

మీ ఇంట్లో గొడవ ఒకటే అయినా, ఆ రోజు ఘాట్ మీద జరిగినవి మూడు. మీటరు 46కి పోవడం ఒకటి, లారీ తప్పుకోగానే కారు దూకడం ఒకటి, చక్రాల దగ్గర వాసన ఇంకొకటి. మూడింటినీ ఒకే మూటగా కట్టి "ఏసీసీ మంచిదా చెడ్డదా" అని వాదించుకుంటున్నారు కాబట్టే తెగడం లేదు. ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.

మొదట ఆ 46 సంగతి. పాత రకం క్రూజ్ కంట్రోల్ చాలావాటికి యాక్సిలరేటర్ ఒక్కటే చేతిలో ఉండేది. వాలు వస్తే అది ఇంధనం తగ్గిస్తుంది, అంతకు మించి దాని వల్ల కాదు. కారు బరువుకి జారుతూ పోతుంది. 1995లో మిత్సుబిషి డయమాంటే కారులో లేజర్‌తో ముందు బండి దూరం చూసే ఏర్పాటు వచ్చింది. అది కూడా యాక్సిలరేటర్ వదిలి, గేరు తగ్గించేదే తప్ప బ్రేకు వెయ్యలేకపోయేది. 1999లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో రాడార్‌తో వచ్చినది బ్రేకు కూడా వేసింది. మీ కారులో ఉన్నది ఆ కోవలోదే. ముందు బండి ఉన్నా లేకపోయినా, వాలు మీద వేగం పెరిగితే అది తనే బ్రేకు వేస్తుంది. అప్పుడు వెనక బ్రేకు లైట్లు కూడా వెలుగుతాయి.

మరి బలం చాలుతుందా? చాలుతుంది. హైవే వేగాల్లో ఏసీసీ తనంతట తాను సెకనుకు సెకనుకు మూడున్నర మీటర్ల దాకా వేగం తగ్గించవచ్చని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పొడి రోడ్డు మీద మీవారు బ్రేకు గట్టిగా తొక్కితే దానికి రెట్టింపు కన్నా ఎక్కువే వస్తుంది, అది వేరే విషయం. వందకు ఏడు మీటర్లు దిగే వాలు, అంటే ఘాట్ లెక్కన బాగా ఏటవాలే, కారును లాగే లాగుడు అదే కొలతలో 0.7 మాత్రమే. కాబట్టి కారు చెయ్యి జారిపోయి 46కి వెళ్లలేదు. వేగం కాస్త దాటాకే అది మేలుకుంటుంది, కుదుపు లేకుండా మెల్లగా పట్టుకుంటుంది, ఆలోపు నాలుగైదు కిలోమీటర్లు పెరగడం మామూలే. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మీవారి కుడికాలు ఆ సమయంలో ఎక్కడుందో అడగండి. యాక్సిలరేటర్ మీద తేలిగ్గా ఆనించి ఉన్నా సరే, డ్రైవరే వేగం కోరుతున్నాడనుకుని చాలా కార్లు బ్రేకు వెయ్యకుండా ఊరుకుంటాయి. ఈ 46 గురించి మాత్రం మామగారు కంగారు పడాల్సిన పని లేదు.

రెండోది అలా కాదు. లారీ మలుపు తిరగ్గానే కారు దూకడం అసలైన ప్రమాదం. అది రిపేరు కాదు, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "అంతా బాగానే ఉంది సార్" అంటారు, వాళ్లు చెప్పేది కూడా నిజమే. ముందున్న బండిని చూసే రాడార్, కెమెరా సూటిగా ముందుకు చూస్తాయి. హైవే మీద వంపులు పెద్దవి కాబట్టి ముందు బండి ఆ చూపులోనే ఉంటుంది. ఘాట్‌లో హెయిర్‌పిన్ దగ్గర పది గజాల దూరంలో ఉన్న లారీ కూడా పక్కకు తిరిగి చూపులోంచి తప్పుకుంటుంది. కారు లెక్కలో ఇక ముందు ఎవరూ లేరు, దారి ఖాళీ. మీరు 40 అన్నారు, తను పాతికలో ఉంది, కాబట్టి పరుగెత్తుతుంది. ఎదురుగా మలుపు ఉందని, దాని వెనక అదే లారీ ఉందని మీవారికి తెలుసు, కారుకు తెలియదు. రిజ్యూమ్ బటన్ నొక్కినప్పుడు జరిగిందీ ఇదే. "పాత వేగానికి వెళ్లు" అని ఆయన చెప్పారు, అది వెళ్లింది.

తిరగేసి కూడా జరుగుతుంది. మలుపులో ఎదురుగా ఎక్కి వస్తున్న బస్సునో, పిట్టగోడనో తన దారిలో ఉందనుకుని అకారణంగా బ్రేకు వేస్తుంది. అప్పుడు వెనక బైకు మీద వచ్చేవాడి సంగతి ఆలోచించండి. ఇక అరకు దారిలో వ్యూ పాయింట్ల దగ్గర ఫొటోల కోసం రోడ్డు మీదే ఆపేసిన కార్లు మీరూ చూసే ఉంటారు. మొదటి నుంచీ ఆగి ఉన్న బండిని పట్టుకోవడంలో చాలా ఏసీసీలు వీక్. పొగమంచులో కెమెరాకీ, బురద పడితే రాడార్‌కీ చూపు మందగిస్తుంది, అప్పుడు ఏసీసీ ఒక బీప్ కొట్టి తప్పుకుంటుంది. చదును రోడ్డు మీద తప్పుకుంటే కారు మెల్లగా నెమ్మదిస్తుంది. దిగుడులో తప్పుకుంటే పట్టుకునేవాడు లేక జారుకుంటుంది. ఆ బీప్ పిల్లల గోలలోనో పాటల్లోనో వినబడకపోతే?

వంకర దారుల్లోనూ, ఏటవాలు రోడ్ల మీదా దీన్ని వాడొద్దని కంపెనీల మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పని ఆ పుస్తకం ఉంటుంది చూడండి, అందులో. మీవారికి ఆ పేజీ ఆయన చేతే చదివించండి. తండ్రి చెబితే వినని మనిషి తను కొన్న కారు చెబితే వింటాడు.

మూడోది వాసన. మామగారు ఏమీ మాట్లాడకుండా వెళ్లి వేరే బల్ల మీద కూర్చున్నది దీని గురించే అనుకుంటాను. ఎందుకంటే ఆయన జీవితమంతా భయపడింది దీనికే.

చిన్న లెక్క చెబుతాను. మీ కారు, మీరందరూ, సామాను కలిపి 1,700 కిలోలు అనుకుందాం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది. అంత ఎత్తు నుంచి అంత బరువు దిగితే వదిలించుకోవలసిన శక్తి కోటిన్నర జౌళ్లు. కరెంటు బిల్లు భాషలో నాలుగు యూనిట్లు. కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు తీసుకుంటాయి. మిగతాది ఇంజినైనా తీసుకోవాలి, బ్రేకులైనా తీసుకోవాలి. గేరు లివరు డి లో (మామూలుగా నడిపే ఆటోమేటిక్ స్థానం) పెట్టి ఏసీసీకి వదిలేస్తే, కొన్ని కార్లు తెలివిగా గేరు తగ్గిస్తాయి కానీ, చాలావరకు పని బ్రేకు ప్యాడ్ల మీదే పడుతుంది. ఆగకుండా, కొంచెం కొంచెంగా, దారి పొడవునా రుద్దుతూ. గట్టిగా ఒకసారి తొక్కి వదిలేస్తే డిస్కులకు మధ్యలో గాలి తగిలి చల్లారే వీలుంటుంది. ఇలా రుద్దుతూ పోతే ఆ వీలు లేదు. ప్యాడ్లు మితిమీరి వేడెక్కితే పట్టు తగ్గుతుంది. వేడి ఇంకా లోపలికి పాకి బ్రేకు ఆయిల్ మరిగిందంటే అందులో ఆవిరి బుడగలు వచ్చి పెడల్ మెత్తగా కిందకి దిగిపోతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమ పీల్చుకుంటూ ఉంటుంది. పాతబడి తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఈ ఆయిల్‌ను సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

మీకు వచ్చిన వాసన ప్యాడ్లు వేడెక్కిన వాసన. అది మొదటి హెచ్చరికే, బ్రేకు పోయినట్టు కాదు. తిరుమల బయల్దేరే ముందు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్ ఒకసారి చూపించండి. మళ్లీ ఎప్పుడైనా వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పొయ్యనివ్వకండి. కాలుతున్న డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకరపోతుంది, బీటలు కూడా వారొచ్చు.

ఇప్పుడు "సెకండ్ గేరెయ్యరా" దగ్గరికి వద్దాం. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అనేది ఘాట్ డ్రైవర్ల పాత సూత్రం. గేరు తగ్గిస్తే ఇంజినే కారును వెనక్కి పట్టుకుంటుంది, ఆ శక్తి రేడియేటర్ గుండా, సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, బ్రేకులు మలుపుల కోసం చల్లగా మిగులుతాయి. మీ కారులో గేర్లు లేవన్నది తప్పు. ఉన్నాయి, కారే వేసుకుంటుంది, అంతే. గేరు లివరు పక్కకు జరిపితే ఎమ్ (మాన్యువల్) అని వస్తుంది, అక్కడ మైనస్ వైపు తడితే గేరు తగ్గుతుంది. కొన్నింటిలో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉంటాయి, కొన్నింటిలో లివరుకే ఎల్ లేదా ఎస్ అనే స్థానాలు ఉంటాయి. డి లోనే ఉంచి ప్యాడిల్ నొక్కితే చాలా కార్లు కాసేపటికి మళ్లీ పై గేరుకు వెళ్లిపోతాయి, అందుకని ఘాట్‌లో పూర్తిగా ఎమ్ లో పెట్టడం నయం. ఇంజిన్ గోల చేస్తుంది, ఆర్‌పీఎమ్ మూడు వేలకు పోతుంది. మీవారు "ఇంజిన్ పాడవుతుంది" అంటారేమో. మీటరులో ఎర్రగీత దాకా పోనివ్వనంత వరకు ఏమీ కాదు. డీజిల్ కూడా వృథా కాదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఐడ్లింగ్‌కి తాగుతాయి. డీజిల్ మిగుల్తుందని వాలులో న్యూట్రల్ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. పుణె దగ్గర నవలే బ్రిడ్జి వాలులో 2022 నవంబరులో ఒక ట్రక్కు ఎన్నో వాహనాలను గుద్దుకుంటూ పోయింది. బండి న్యూట్రల్‌లో ఉందని అప్పుడు అధికారులు చెప్పారు.

మరి మీ మరిది చెప్పేది అబద్ధమా? కాదు. డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్లే ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాటాక వాలు ఆరేడు శాతం ఉంటుంది, మన ఘాట్లకు తీసిపోదు. కానీ అది పోవడానికి వేరు, రావడానికి వేరు దారులున్న వెడల్పాటి రోడ్డు. హెయిర్‌పిన్లు లేవు. ఎదురు బండి లేదు. బ్రేకులు పోయిన ట్రక్కులు ఎక్కి ఆగడానికి పక్కన ఇసుక, గులకరాళ్ల ర్యాంపులు కట్టి ఉంచారు. అక్కడ ఏసీసీ ముందు బండిని బాగానే చూడగలదు. అక్కడైనా మరీ పొడుగు వాలుల్లో బండిని లో గేరులో దించమని బోర్డులు ఉంటాయి, మరిదిని అడగండి. ఆయన రోడ్డు మీద ఆయన మాట చెల్లుతుంది, అనంతగిరి మలుపుల మీద కాదు. అమెరికాలో ఉన్నందుకు కారు గురించి ఆయన మాటకు మన ఇళ్లల్లో కాస్త బరువెక్కువ, అది మీకు నేను చెప్పాలా.

ఇక తిరుమల. మీ సమస్య అక్కడ సగం దానంతట అదే తేలిపోతుంది. దిగే దారి 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, దాదాపు 19 కిలోమీటర్లు, ముప్ఫైకి పైగా మలుపులు. పైన బయల్దేరేటప్పుడు టైము వేసిన చీటీ ఇస్తారు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి, ముందే వచ్చేస్తే జరిమానా. అంటే సగటున గంటకు 28 కిలోమీటర్లు. చాలా కార్లలో ఏసీసీకి పెట్టుకోగల కనీస వేగమే 30 దరిదాపుల్లో ఉంటుంది. "చూపిస్తాను" అని పంతం పట్టినా ఆ రోడ్డు మీద చూపించడానికి ఏమీ లేదు. ఈ లెక్క ఆయనకు కాగితం మీద రాసి ఇవ్వండి. తండ్రి గెలిచాడని కాకుండా దేవస్థానం వాళ్ల రూలు అని ఒప్పుకోవడం మగవాళ్లకు సులువు.

మీ ముందున్న దారులు నాకు కనబడేవి ఇవి. తిరుపతి దాకా కారులో హైవే మీద ఏసీసీతో హాయిగా వెళ్లి, అలిపిరి దగ్గర కారు పెట్టేసి ఆర్టీసీ బస్సులో కొండెక్కడం ఒకటి. మామగారికి పండగే. కానీ చంటిపిల్లాడు, సంచులు, బస్సు కోసం ఎదురుచూపు మీకు భారం, పైగా మీవారికి ఇది తన కారు మీద తీర్పులా అనిపించవచ్చు. రెండోది, కారులోనే వెళ్లి, ఘాట్ మొదలయ్యే చోట ఏసీసీ ఆపేసి ఎమ్ లో దిగడం. నాకు ఇదే ఎక్కువ నచ్చుతోంది. అయితే ఆయనకు ఎమ్ అలవాటు లేదు. కొత్త పని తిరుమల మలుపుల్లో, తండ్రి పక్కన కూర్చుని చూస్తుండగా మొదలుపెడితే టెన్షన్ పడతారు. ముందుగా ఒక ఆదివారం పొద్దున్నే రద్దీ లేనప్పుడు సింహాచలం కొండ మీదో కైలాసగిరి రోడ్డు మీదో నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ప్రయత్నించమనండి. మూడోది, మామగారు రైల్లో, మీరు కారులో. గొడవ ఉండదు. కానీ మనవడి పుట్టువెంట్రుకలకు తాతగారు వేరేగా వచ్చారన్న మాట మీ బంధువుల నోళ్లలో ఎన్నాళ్లు నలుగుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

కారులో హిల్ డిసెంట్ కంట్రోల్ అనే బటన్ కూడా ఉంటే దాన్ని ఏసీసీతో కలపకండి. అది మట్టి దిబ్బలు, రాళ్ల దారులు నడక వేగంలో దిగడానికి. దానిదీ బ్రేకులతో పట్టే పనే.

మామగారితో మాట్లాడే పని మీరు పెట్టుకోకండి. ఆయనను నొప్పించింది కారు కాదు, "ఇది మీ బస్సు కాదు" అన్న మాట. దాన్ని సరిచెయ్యాల్సింది అన్నవారే. మీవారు క్షమాపణ చెప్పే రకం కాకపోతే "నాన్నా, ఈ ఎమ్ లో ఏ గేరు వెయ్యాలో ఒకసారి చూడు" అని పిలిస్తే చాలు, ఆయనకు అర్థమవుతుంది. మామగారు కూడా ఒకటి గమనించాలి. వెనక సీట్లోంచి మలుపు మధ్యలో అరిస్తే నడిపేవాడి చూపు రోడ్డు మీద నుంచి అద్దంలోకి పోతుంది. చెప్పాలనుకున్నది మలుపు దాటాక చెప్పమనండి. ఇది ఆయన తన కండక్టర్లకు చెప్పే ఉంటారు.

మీ చెల్లెలి ఎలక్ట్రిక్ కారు సంగతి. వాలులో అది మోటారుతోనే పట్టుకుని ఆ శక్తిని బ్యాటరీలోకి మళ్లిస్తుంది. ప్యాడ్లకు పని తగ్గుతుంది, వాసన బెడద చాలావరకు ఉండదు. మలుపులో లారీ కనబడకపోవడం మాత్రం దానికీ అంతే. ఇంకో మెలిక ఉంది. బ్యాటరీ నిండా ఉంటే మోటారు తెచ్చే కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు, అప్పుడు మోటారు పట్టు తగ్గి భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. అరకులో హోటల్ దగ్గర రాత్రంతా చార్జింగ్ పెట్టి నూరు శాతంతో కొండ దిగొద్దని చెప్పండి. ఎనభైలో ఆపి బయల్దేరితే దిగుడులో మోటారు తెచ్చే కరెంటుకు చోటుంటుంది.